తేదీ కాలమ్‌కి డేట్ టైపా, ఇంటిజరా?

2024 ఫిబ్రవరి 29 లాంటి తేదీని 20240229 అని ఇంటిజర్ (పూర్ణసంఖ్య) కాలమ్‌లో పెట్టే అలవాటు పాత టేబుళ్లలో చాలా కనిపిస్తుంది. చదవడానికి బాగుంటుంది, సార్టింగూ సరిగ్గానే వస్తుంది. కానీ డేటాబేస్‌కి అది ఎనిమిది అంకెల సంఖ్య, అంతే. ఫిబ్రవరి 31 అని 20240231 పంపినా కిక్కురుమనకుండా తీసుకుంటుంది. 20240301లోంచి 20240229 తీసేస్తే 72 వస్తుంది. నిజానికి ఆ రెంటికీ మధ్య తేడా ఒక్క రోజు.

క్వెరీలు నెమ్మదించడానికీ ఇదే కారణం కావచ్చు. 2023 డిసెంబర్ 31 నుంచి 2024 జనవరి 1 వరకు అడిగితే మనకి రెండు రోజులు. ఇంటిజర్ లెక్కలో 20231231కీ 20240101కీ మధ్య దూరం 8,870. హిస్టోగ్రామ్ (ఏ విలువలు ఎన్నున్నాయో చెప్పే గణాంకం) లేనప్పుడు, క్వెరీని ఎలా నడపాలో నిర్ణయించే ఆప్టిమైజర్ ఈ దూరాన్నే నమ్మి, వచ్చే రోలు (వరుసలు) చాలా ఎక్కువని అంచనా వేసి, త్వరగా వెతికిపెట్టే ఇండెక్స్ వదిలేసి టేబుల్ మొత్తం చదవచ్చు. డేట్ టైప్ అయితే దానికి అది ఒక్క రోజు దూరమేనని తెలుసు.

ఇంటిజర్ వాడితే చోటు మిగులుతుందన్న వాదన నిలవదు. ఇంటిజర్‌కి 4 బైట్లు. డేట్‌కి మైఎస్‌క్యూఎల్‌లో, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 3, పోస్ట్‌గ్రెస్‌లో 4. ఒరాకిల్‌లో 7, అయితే అందులో సెకన్ల వరకు సమయం కూడా ఉంటుంది.

1970 నుంచి లెక్కపెట్టే యూనిక్స్ సెకన్ల సంగతి వేరు. తీసివేతలు సరిగ్గా వస్తాయి. అక్కడ ప్రమాదం యూనిట్‌తో: 1700000000 సెకన్లంటే గ్రీనిచ్ సమయం ప్రకారం 2023 నవంబర్ 14, అదే సంఖ్యను మిల్లీసెకన్లనుకుంటే 1970 జనవరి 20. పైగా 32 బిట్ల సైన్డ్ (మైనస్ సంఖ్యలనూ పట్టే) ఇంటిజర్ 2038 జనవరి 19తో నిండిపోతుంది. మైఎస్‌క్యూఎల్ టైమ్‌స్టాంప్ టైప్‌కీ అదే హద్దు. పుట్టినరోజును మాత్రం ఎప్పుడూ ఇలా దాచకండి: టైమ్‌జోన్ మారితే ఒక రోజు ముందుకో వెనక్కో జరుగుతుంది. దానికి సమయం లేని డేట్ టైపే సరైనది.

సంఖ్య నప్పే చోటు డేటా వేర్‌హౌస్, అంటే విశ్లేషణ కోసం డేటా పోగుచేసే డేటాబేస్. అక్కడ క్యాలెండర్ టేబుల్‌కి కీగా (ఒక్కో వరుసను గుర్తించే విలువగా) 20240229 వాడొచ్చు, ఎందుకంటే లెక్కలన్నీ ఆ టేబుల్‌లోని అసలు డేట్ కాలమ్‌తోనే జరుగుతాయి. ఎస్‌క్యూఎలైట్‌లో విడిగా డేట్ టైపే లేదు కాబట్టి ఒకే రూపం ఎంచుకుని అప్లికేషనంతటా దానికే కట్టుబడండి.

పాత కాలమ్‌ని మార్చాలంటే ముందు చెడ్డ విలువలు వెతకండి: 0, 99999999, లేని తేదీలు. ఒక్కోటీ ఏ అర్థంతో పెట్టారో టేబుల్ వాడేవాళ్లని అడిగాకే నల్ (విలువ లేనిది) చేయండి; 0 అంటే "ఇంకా జరగలేదు" కావచ్చు, "తెలియదు" కూడా కావచ్చు. తర్వాత నల్‌ని అనుమతించే కొత్త డేట్ కాలమ్ చేర్చి, అప్లికేషన్ రెండింటిలోనూ రాసేలా మార్చండి. ఆ మార్పు లైవ్‌లోకి వెళ్లాకే పాత రోలు నింపాలి, లేకపోతే మధ్యలో వచ్చినవి ఖాళీగా మిగిలిపోతాయి. పది వేల రోల చొప్పున కమిట్ చేస్తూ (మార్పుల్ని ఖాయం చేస్తూ) పోండి. ఒకే పెద్ద అప్‌డేట్ లాకులు పట్టుకుని (మిగతావాళ్లు ఆ వరుసలు మార్చకుండా ఆపి) కూర్చుంటుంది, మార్పుల చిట్టా అయిన లాగ్‌నీ ఉబ్బిస్తుంది. రెండు కాలమ్‌లూ పోల్చి, ఇండెక్స్ వేసి, చదివే కోడ్ మార్చాకే పాతది తీసేయండి.

కోడ్ మార్చేటప్పుడు కాలమ్ మీద ఇయర్ ఫంక్షన్ (తేదీ నుంచి సంవత్సరాన్ని ఇచ్చేది) పెట్టి 2024తో పోల్చకండి. కాలమ్‌ని ఫంక్షన్‌లో చుడితే దాని మీదున్న మామూలు ఇండెక్స్ సాధారణంగా పనికిరాదు. 2024 జనవరి 1 లేదా ఆ తర్వాత, 2025 జనవరి 1 కంటే ముందు అని రెండు షరతులుగా రాయండి. కాలమ్‌లో సమయం ఉన్నా డిసెంబర్ 31 రాత్రి రోలు జారిపోవు.