నాలుగు నిమిషాల యానిమే కామెడీని రుచి చెడకుండా చూడటం ఎలా?

బడికి వెళ్తారు, డబ్బా విప్పి తింటారు, వానొస్తే గొడుగు మర్చిపోయామని తెలుసుకుంటారు. అంతలో ఎపిసోడ్ అయిపోతుంది. రోజువారీ బతుకే సరుకుగా మూడు నుంచి పదిహేను నిమిషాల్లో ముగిసే ఈ యానిమేలను (జపాన్ కార్టూన్ సిరీస్‌లను) చాలామంది రెండో ఎపిసోడ్‌కే వదిలేస్తారు. పెద్ద సిరీస్‌ని చూసే అలవాటుతోనే వీటినీ చూడటం వల్ల వచ్చే ఇబ్బంది అది. చిన్న చిన్న మార్పులతో పోతుంది.

1. నిడివి చూసి ఎంచుకోండి

మొదటిసారికి ఏడెనిమిది నిమిషాల ఎపిసోడ్లు అనువు. 'తొనారి నో సెకి-కున్' (2014) 21 ఎపిసోడ్లూ కలిపి మూడు గంటల లోపే. ఇంట్లో పిల్లలుంటే 'చీస్ స్వీట్ హోమ్' (2008): తల్లి నుంచి తప్పిపోయిన పిల్లికూన ఓ ఇంట్లో చేరుతుంది, మూడేసి నిమిషాల చొప్పున 104 ఎపిసోడ్లు. అయితే పొట్టిగా ఉన్నవన్నీ పిల్లలవి కావు, వయసు రేటింగ్ చూశాకే పెట్టండి.

'అజుమాంగా దైయో' (2002) దగ్గర ఒక జాగ్రత్త. జాబితాలో 26 మామూలు ఎపిసోడ్లలా కనిపిస్తుంది గానీ, టీవీలో సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకో ముక్కగా వేసి, వారాంతంలో ఐదింటినీ కలిపి చూపించారు. మొత్తం 130 ముక్కలు. ప్రతి ముక్కకూ విడిగా పేరు పడుతుంది. ఆ పేరు పడే చోట ఆగి, మిగతాది మర్నాడు చూస్తే అది కట్టిన కొలతలో చూసినట్టు.

2. నాలుగు గడుల లెక్క పట్టుకోండి

ఈ కామెడీల్లో చాలావాటికి మూలం 'యొన్‌కొమా', అంటే పైనుంచి కిందికి నాలుగు గడుల బొమ్మల కథ. కి, షో, తెన్, కెత్సు: ఎత్తుగడ, కొనసాగింపు, మలుపు, ముగింపు. మలుపు మూడో గడిలోనే వచ్చేస్తుంది. నాలుగోది చాలాసార్లు ఒక మొహాన్ని చూపించి ఊరుకుంటుంది. అక్కడ ఇంకా ఏదో జరుగుతుందని ఎదురుచూస్తే జోకు జారిపోతుంది.

3. తింగరి ఎవరో, దిద్దేది ఎవరో చూడండి

జపాన్ హాస్య వేదికల మీద తరచూ ఇద్దరుంటారు. తలాతోకా లేకుండా మాట్లాడేవాడు బోకే, "అదేంటి!" అని అడ్డం పడేవాడు త్సుక్కోమి. యానిమేలోనూ ఆ జంటను కనిపెడితే సగం పని అయినట్టే. సెకి-కున్ మొదటి ఎపిసోడ్ చూడండి. పాఠం నడుస్తుంటే పక్క బెంచీ కుర్రాడు రబ్బర్లను వరసగా నిలబెట్టి, ఒకటి తోస్తే అన్నీ పడిపోయేలా పేరుస్తుంటాడు. యోకోయి అనే అమ్మాయి వద్దనుకుంటూనే అటే చూస్తుంటుంది. అతను నోరు విప్పడు, మాటలన్నీ ఆమె మనసులోవే. అందుకే కింద సబ్‌టైటిల్స్ మీదే కళ్లు పెడితే అతని చేతులు కనబడవు. ఏడు నిమిషాలే కదా, ఒకసారి చదువుతూ, రెండోసారి చేతులు గమనిస్తూ చూడండి. రెండోసారే ఎక్కువ నవ్వొస్తుంది.

4. వేగం పెంచొద్దు

1.5 రెట్ల వేగం ఈ రకాన్ని చంపేస్తుంది. మాటకూ మాటకూ మధ్య ఖాళీని జపనీయులు 'మా' అంటారు. తింగరి మాట పడ్డాక రెండు సెకన్లు ఎవరూ కదలరు, నవ్వు పుట్టేది ఆ రెండు సెకన్లలోనే. పక్కన ఫోన్ చూసుకుంటూ చూసినా నష్టం ఇదే.

5. మోతాదు మించొద్దు

రోజుకు రెండు, మహా అయితే మూడు. ఇవి ఒకే మనిషి ఒకే గుణం చుట్టూ తిరుగుతాయి. వరసగా పది చూస్తే విసుగు, రోజుకు రెండు చూస్తే ఆ గుణమే చనువు. 'సజాయె-సాన్' అనే యానిమే జపాన్ టీవీలో 1969 నుంచి ఆదివారం సాయంత్రాలు, ఒక్కో భాగంలో మూడు చిన్న కథలతో నడుస్తూ వస్తోంది. షిన్‌చాన్‌ను తెలుగులో చూస్తూ పెరిగినవారికి ఈ కొలత అలవాటైనదే.

6. క్యాలెండర్, పిలుపులు తెలుసుకోండి

అక్కడ బడులు ఏప్రిల్‌లో మొదలవుతాయి. చెర్రీ పూలు కనిపిస్తే కొత్త తరగతి అన్నమాట. ఇక పిలుపుల విషయంలో తెలుగువారికి కలిసొచ్చే అంశం ఒకటుంది. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పేరు చివర తగిలించే -సాన్, -చాన్, సీనియర్‌ను పిలిచే సెంపై లాంటివాటిని తరచూ ఎగరగొట్టేస్తాయి. చెవితో వినండి: ఎవరైనా సాన్ నుంచి చాన్‌కు మారారంటే, 'గారు' పోయి ముద్దుపేరు వచ్చినంత మార్పు.

ఐదు ఎపిసోడ్లకూ నవ్వు రాకపోతే ఆ సిరీస్ ఆపేయండి. కొంచెం కథ ఉంటే తప్ప కూర్చోలేనివారికి 'అగ్రెట్సుకో' (2018) సరిపోతుంది. పదిహేనేసి నిమిషాలు, మొదటి సీజన్ పది ఎపిసోడ్లు. ఆఫీసు అకౌంట్స్‌లో నలిగిపోయే పాతికేళ్ల రెడ్ పాండా, సాయంత్రం ఒంటరిగా కరావోకే గదిలో తలుపేసుకుని డెత్ మెటల్ (గొంతు చించుకుని అరిచే రాక్ సంగీతం) పాడుతుంది.