జబ్బు రాకముందే కొత్త ఆరోగ్య కార్డు
పర్లాకిమిడిలో మా వీధివాళ్లు చాలామంది ఇంకా పాత బిజు ఆరోగ్య పథకం కార్డునే నమ్ముకున్నారు. 2025 ఏప్రిల్ నుంచి ఒడిశాలో ఉచిత వైద్యానికి కేంద్రం పథకం ఆయుష్మాన్ భారత్, రాష్ట్ర పథకం గోపబంధు జన ఆరోగ్య యోజన కలిసి నడుస్తున్నాయి. ముందు రేషన్ కార్డులో ఇంట్లో అందరి పేర్లూ ఉన్నాయేమో చూడండి. ఆధార్‌లోని పేరు, పుట్టిన తేదీ దానితో సరిపోవాలి. అసలు చిక్కంతా ఇక్కడే: మన ఇంటిపేర్లు ఒడియాలో రాసేటప్పుడు తరచూ మారిపోతాయి. మా కోడలి పేరు దిద్దించాకే ఈ-కేవైసీ (ఆధార్‌తో వివరాల ధ్రువీకరణ) పూర్తయింది. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు, ఆడవాళ్లకు అదనంగా మరో 5 లక్షల వరకు వైద్యం ఖర్చు పథకమే భరిస్తుంది. 70 ఏళ్లు నిండిన అత్తమామలకు ఆదాయంతో పనిలేదు. ఆధార్ చూపించి వయ వందన కార్డు (70 దాటినవాళ్ల ఆయుష్మాన్ కార్డు) చేయించండి, ఆలస్యం చేయకండి. వైద్యానికి శ్రీకాకుళం, విశాఖ వెళ్లేవాళ్లు ఆ ఆసుపత్రి పథకం జాబితాలో ఉందో లేదో బయలుదేరే ముందే 14555కు ఫోన్ చేసి కనుక్కోండి.