తుప్పుపట్టిన జీఐ పైపుల స్థానంలో రాగి గొట్టాలు

పాత ఇళ్లలోని జీఐ పైపులకు (జింకు పూసిన ఇనుప గొట్టాలకు) ఆ జింకు పూత అరిగిపోయాక లోపల తుప్పు పేరుకుని, ఉదయం కొళాయి తిప్పగానే తొలి చెంబెడు నీళ్లు ఎర్రగా వస్తాయి. ఇల్లంతా ఒకేసారి మార్చడం ఖర్చుతో కూడిన పని కనుక, గీజరు నుంచి వెళ్లే వేడినీటి లైనుతో మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం.

ముందుగా గీజరు స్విచ్చి ఆపి, ట్యాంకు వాల్వు కట్టేసి, లైనును పూర్తిగా ఖాళీ చేయాలి. కాస్త నీరు మిగిలినా అది ఆవిరవుతూ అతుకును వేడెక్కనివ్వదు. కొత్త రాగి గొట్టాన్ని పైపు కట్టరుతో కోసి, లోపలి అంచు గరుకును గీకేసి, గొట్టం కొసనూ ఫిట్టింగు (గొట్టాలను కలిపే ముక్క) లోపలి భాగాన్నీ ఎమెరీ కాగితంతో మెరిసేదాకా రుద్ది, ఫ్లక్సు (కరిగిన లోహం చక్కగా అంటుకునేందుకు వాడే లేపనం) పల్చగా పూసి, గొట్టాన్ని ఫిట్టింగులోకి దూర్చాలి. మంటను సోల్డరు (కరిగించి అతుకు వేసే లోహపు) తీగకు కాక ఫిట్టింగుకే చూపాలి. అది తగినంత వేడెక్కాక తీగను అంచుకు తాకిస్తే, కరిగిన లోహం తనంతట తానే సందులోకి పీల్చుకుపోయి, చుట్టూ సన్నని వెండి ఉంగరంలా నిలుస్తుంది. సీసం లేని సోల్డరునే కొనాలి.

మిగిలిన జీఐ పైపుకు రాగిని నేరుగా బిగిస్తే జీఐ త్వరగా తుప్పుపట్టి అరిగిపోతుంది కనుక మధ్యలో ఇత్తడి ఫిట్టింగు ఉండాలి; నీటి ప్రవాహంలో జీఐ ముందు, రాగి తరువాత రావాలి. వేడికి రాగి మీటరుకు సుమారు 1 మి.మీ. సాగుతుంది కాబట్టి గోడలో దానికి మెత్తని తొడుగు వేయాలి. మేస్త్రీ ఎంత తొందరపెట్టినా, ఒక రాత్రంతా నీటి ఒత్తిడిలో ఉంచి అతుకులు తడిమి చూశాకే గోడ పూడ్చనివ్వాలి.