ఇంగ్లీషులో ‘లాంచ్’ రాసేటప్పుడు
విజయవాడ పున్నమి ఘాట్ నుంచి భవానీ ద్వీపానికి తిరిగే మరపడవలను మనం బోటు అనీ, లాంచీ అనీ తోచినట్లు పిలుచుకున్నా, ఇంగ్లీషులో ఇంజనుతో నడిచే ఏ చిన్న పడవకైనా ‘మోటార్‌బోట్’ అనడమే నిరపాయం. నాగార్జునకొండకు జనాన్ని చేరవేసే వాటిలాంటి పెద్ద పడవలకు ‘లాంచ్’ నప్పుతుంది. ‘స్టీమర్’ మాత్రం ఆవిరియంత్రం ఉన్నదానికే చెల్లుతుంది. అసలు చిక్కు క్రియ దగ్గర వస్తుంది: ‘వియ్ లాంచ్డ్ టు భవానీ ఐలాండ్’ అని రాస్తే లాంచీలో వెళ్ళామనే అర్థం రాదు, ఎందుకంటే ఆ క్రియకు పడవను నీళ్ళలోకి దింపడం, కొత్తదాన్ని ప్రారంభించడం వంటి అర్థాలే ఉన్నాయి. (పడవ పేరు స్పానిష్ ‘లాంచా’ నుంచి వచ్చింది, క్రియ పుట్టుక వేరు.) ‘వియ్ వెంట్ బై లాంచ్’ అని రాస్తే సరిపోతుంది.