పులికాట్ ఒడ్డున వలస పక్షులు – 3వ పాఠం: ఫ్లెమింగోల గుంపును లెక్కగట్టడం

పెద్ద ఫ్లెమింగోకు గులాబీ ముక్కు, కొన మాత్రం నలుపు. చిన్న ఫ్లెమింగోకు (పిల్ల కాదు, వేరే జాతి) ముక్కంతా ముదురెరుపు. పోయిన పాఠంలో ఇంతవరకు వచ్చాం. ఈసారి లెక్క. ‘వేలల్లో ఉన్నాయి’ అని రాసుకొస్తే అది ఎవరికీ పనికిరాదు.

తిరుపతి నుంచి నాయుడుపేట మీదుగా సూళ్లూరుపేట ఎనభై కిలోమీటర్ల పైమాటే. తెల్లవారుజామున నాలుగున్నరకల్లా బయల్దేరాలి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సుకు అడ్డంగా, దాదాపు పడమర నుంచి తూర్పుకు సాగుతుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు ఉంటాడు కాబట్టి రోడ్డుకు ఉత్తరాన ఉన్న నీళ్లనే చూడండి, వెలుగు మీ వెనకనుంచి పడుతుంది. దక్షిణం వైపు చూశారా, గూడబాతు, కొంగ, ఫ్లెమింగో అన్నీ నల్లటి మచ్చలే. ఎండ ముదిరాక నీటి మీది గాలి వేడెక్కి పక్షులు అలల్లా ఊగుతాయి. అప్పుడు టెలిస్కోపును 60 రెట్లకు పెంచితే పెరిగేది ఆ ఊగులాటే. 20, 30 మధ్యే ఉంచండి.

కారును రోడ్డు అంచుకు బాగా దించి ఆపి, లోపలే కూర్చోండి. కారు కంటే నడిచొచ్చే మనిషికే ఇవి ఎక్కువ బెదురుతాయి. మేత మాని, మెడలు నిక్కించి, అన్నీ ఒకే దిక్కుకు నడక మొదలెడితే మీరు మరీ దగ్గరికి వెళ్లినట్టే. ఫొటో కోసం బురదలోకి దిగేవాళ్లకు ఫొటో దక్కదు, మిగతావాళ్లకు లెక్కా దక్కదు.

గుంపులో పది పక్షుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టండి. ఆ పదీ ఎంత మేర ఉన్నాయో కంటికి పట్టించుకోండి. అలాంటి పది ముక్కలు కలిపితే నూరు. ఆ నూరునే కొలతగా గుంపు పొడవునా జరుపుకుంటూ పోవాలి. చాలామంది తప్పేది ఇక్కడే: అంచున పక్షులు పలచగా ఉంటాయి, నడుమ కిక్కిరిసి ఉంటాయి. అంచున తీసిన కొలతతో నడిమి భాగాన్ని కొలిస్తే లెక్క బాగా తగ్గిపోతుంది. నడుమకు చేరగానే కొత్తగా పది లెక్కపెట్టి కొలత మార్చుకోండి. మేసేటప్పుడు తలలు నీళ్లలో ఉంటాయి కాబట్టి తలల్ని కాదు, వీపుల్ని లెక్కించాలి.

రోడ్డు ఎత్తు తక్కువ. ముందు వరస వెనక వరసల్ని కప్పేస్తుంది. గుంపు లేచి బారుగా ఎగిరినప్పుడు, రెక్కల ఎరుపూ నలుపూ విచ్చుకున్నప్పుడు, మళ్లీ లెక్కించండి. మెడా కాళ్లూ రెండూ చాచి ఎగిరేది ఫ్లెమింగో. మెడ మడిచి ఎగిరే తెల్లకొంగను అందులో కలపకండి. బూడిదరంగు పిల్లల్ని వేరుగా రాయండి.

ఎడమ నుంచి కుడికి ఒకసారి, కుడి నుంచి ఎడమకు ఒకసారి. రెంటికీ తేడా అయిదో వంతు మించితే మూడోసారి. నోటుబుక్కులో ఒకే అంకె వద్దు, ‘1,200–1,500’ అని రాయండి. పక్కనే తేదీ, సమయం, రోడ్డుకు ఏ వైపు, నీళ్లు కాలిలో ఎంతవరకు వచ్చాయో కూడా. (కాలి మధ్యలో వెనక్కి వంగినట్టు కనిపించేది మోకాలు కాదు, చీలమండ. గుర్తుకు మాత్రం అదే వాడుకోండి.)

వచ్చే పాఠం లోపు ఇంటి సాధన: గుప్పెడు చింతగింజలు నేల మీద చల్లి, అయిదు సెకన్లు చూసి, అంచనా రాసి, తర్వాత లెక్కపెట్టండి. రోజుకు పదిసార్లు. మొదట్లో దాదాపు అందరూ తక్కువే చెబుతారు. మీరు ఎంత తక్కువ చెబుతున్నారో రాసి ఉంచుకోండి, నాలుగో పాఠంలో ఆ అంకెతోనే పని.