ముల్లు ఎప్పుడు లేచింది?

మే నెల మధ్యాహ్నం. శ్రీశైలం డ్యామ్ దిగువ వంతెన దాటి సున్నిపెంట వైపు ఘాట్ ఎక్కుతుండగా మా పాత పెట్రోలు కారు టెంపరేచర్ ముల్లు ఎర్రగీతకు చేరువైంది. వెంటనే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా తిప్పాను. ఇంజిన్ వేడిలో కొంత హీటర్ లాగేసుకుంటుంది. లోపల కూర్చున్నవాళ్లు తిట్టుకున్నారు కానీ ముల్లు ఆగింది. వెడల్పైన మలుపు చూసి కారు పక్కకు తీశాను.

"రేడియేటర్‌లో నీళ్లు పోస్తే సరిపోతుంది కదా బాబూ" అన్నారు అత్తగారు. వేడి మీద మూత తిప్పకూడదండీ అన్నాను. లోపలి నీరు ఒత్తిడి వల్ల 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత వదులైతే ఆవిరై ముఖాన చిమ్ముతుంది. ఇంజిన్ ఆపి కనీసం అరగంట ఆగాలి. కాలే ఇంజిన్‌లో చల్లటి నీళ్లు పోస్తే హెడ్ (ఇంజిన్ పైభాగం) పగిలే ప్రమాదమూ ఉంది.

ఆ అరగంటలో చేయాల్సిన అసలు పని, ముల్లు ఏ సమయంలో లేచిందో గుర్తు తెచ్చుకోవడం. ట్రాఫిక్‌లోనో, నెమ్మదిగా ఎక్కేటప్పుడో లేచి, వేగం పెరగగానే దిగితే నా అనుమానం ఫ్యాను మీదే. ఎదురుగాలి లేనప్పుడు రేడియేటర్‌ను చల్లార్చేది అదొక్కటే. హైవేలో 80 దాటాక వేడెక్కితే ఫ్యాను తప్పు కాదు. రేడియేటర్ పూడుకుపోయి ఉండవచ్చు, లేదా వాటర్ పంపు నీటిని సరిగా తిప్పడం లేదు. బోరు నీళ్లు పోసే అలవాటున్న కార్లలో సున్నం పేరుకుని గొట్టాలు మూసుకుపోతాయి. బయలుదేరిన కొద్ది నిమిషాలకే వేడెక్కి, రేడియేటర్‌కున్న పై హోస్ కాలుతూ కింది హోస్ చల్లగా ఉంటే, ఇంజిన్ వేడెక్కాక రేడియేటర్‌కు నీటిదారి తెరిచే థర్మోస్టాట్ తెరుచుకోవడం లేదని చాలావరకు అనుకోవచ్చు.

కారు కింద తడి ఉందేమో వంగి చూడండి. ఏసీ నుంచి కారేది మామూలు నీరు, దానికి కంగారు పడకండి. ఆకుపచ్చగానో గులాబీ రంగులోనో జిగటగా ఉంటే అది కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లార్చే ద్రవం. కారుడు ఎక్కడా లేకుండానే కూలెంట్ తరుగుతుంటే ఆయిల్ పోసే మూత వెనక చూడండి. అక్కడ మీగడలాంటి తెల్లటి పదార్థం ఉండి, సైలెన్సర్ నుంచి తెల్లపొగ ఆగకుండా వస్తుంటే హెడ్ గాస్కెట్ (హెడ్ కింద ఉండే సీలు) పోయి ఉండవచ్చు. ఇక నడపకండి, లారీ మీద ఎక్కించాల్సిందే.

మా సంగతికి వస్తే, చల్లారాక రిజర్వు ట్యాంకులో కూలెంట్ గీత దగ్గరే ఉంది. ఇంజిన్ స్టార్ట్ చేసి ఏసీ వేశాను. ఏసీ వేస్తే ఫ్యాను తిరగాలి, తిరగలేదు. ఫ్యూజు బాగానే ఉంది. ఇక అనుమానం ఫ్యానుకు కరెంటు కలిపే స్విచ్చు లాంటి రిలే మీద. బానెట్ కింది పెట్టెలో ఫ్యాను రిలేకున్న నంబరే ఉన్న రిలేలు ఇంకో రెండు కనిపించాయి: హారన్‌ది, ఫాగ్ లైట్లది. ఘాట్ మలుపుల్లో హారన్ లేకుండా నడపలేం కనుక ఇంజిన్ ఆపి ఫాగ్ లైట్ల రిలే పీకి ఫ్యాను రిలే స్థానంలో గుచ్చాను. మళ్లీ స్టార్ట్ చేయగానే ఫ్యాను గిర్రున తిరిగింది.

హైదరాబాద్ తిరిగొచ్చాక, మెకానిక్ బానెట్ ఎత్తకుండానే రేడియేటర్ మార్చాలన్నాడు. కొత్త రిలే ఒక్కటి కొనుక్కుని ఇంటికొచ్చాను.