సర్క్యూట్‌లో వైర్లు కలపడం: ముందు జాయింటు సంగతి చూడండి

సర్క్యూట్ పనిచేయకపోతే చాలామంది ముందు పార్టుల్ని అనుమానించి వాటిని మార్చేస్తారు. తప్పు ఎక్కువగా జాయింట్లలోనే దొరుకుతుంది. వదులు జాయింటుకు అర ఓమ్ రెసిస్టెన్స్ ఉండి, దాని గుండా మోటారు 10 ఆంపియర్లు లాగితే అక్కడ 50 వాట్ల వేడి పుడుతుంది. ప్లాస్టిక్ కరగడానికి అది చాలు.

ఇక్కడ చెప్పేవి 12 వోల్టుల లోపు బ్యాటరీ సర్క్యూట్ల సంగతులు. గోడ సాకెట్ కరెంటు మీద వీటిని ప్రయత్నించకండి.

మొదట 9 వోల్టుల బ్యాటరీతో ఒక ఎర్ర ఎల్‌ఈడీ వెలిగిద్దాం. ఎల్‌ఈడీ దగ్గర సుమారు 2 వోల్టులు ఖర్చవుతాయి, మిగతా 7 రెసిస్టర్ (కరెంటును అదుపులో ఉంచే పార్టు) మీద పడాలి. 15 మిల్లీ ఆంపియర్ల కరెంటు చాలనుకుంటే 7ను 0.015తో భాగించండి: 467 వస్తుంది. దగ్గర్లో దొరికేది 470 ఓమ్‌లు, పావు వాట్ రకం. ఎల్‌ఈడీ పొడవు కాలు ప్లస్ వైపు ఉండాలి. తిరగేసి పెడితే వెలగదు. రెసిస్టర్ లేకుండా నేరుగా పెడితే మాత్రం ఒక్కసారి మెరిసి కాలిపోతుంది.

మూడు ఎల్‌ఈడీలు కావాలంటే వరసగా, అంటే సిరీస్‌లో కలపండి. 6 వోల్టులు వాటికి పోతే 3 మిగులుతాయి, 220 ఓమ్‌లు సరిపోతుంది. నాలుగోది కూడా చేరిస్తే మిగిలేది ఒక్క వోల్టే. బ్యాటరీ కాస్త దిగగానే అన్నీ మసకబారతాయి. ప్యారలల్‌లో, అంటే పక్కపక్కన పెడితే ఒక్కోదానికి సొంత రెసిస్టర్ ఇవ్వాలి. అన్నింటికీ ఒకటే పెడితే, తక్కువ వోల్టేజీకే వెలిగే ఎల్‌ఈడీ ఎక్కువ కరెంటు లాగేసి ముందు పోతుంది.

ఇక జాయింటు. వైరు చివర తొడుగు 6 నుంచి 8 మిల్లీమీటర్లు తీయండి. బ్లేడు రాగికి తగిలి పోగులు తెగితే ఆ ముక్క కత్తిరించి మళ్లీ మొదలుపెట్టండి. నాలుగు పోగులే కదా అనిపిస్తుంది గానీ, వైరు వంగిన ప్రతిసారీ విరిగేది అక్కడే.

సోల్డరింగ్ (సోల్డర్ అనే లోహపు తీగను కరిగించి అతకడం) చేసేటట్లయితే ష్రింక్ ట్యూబును (వేడికి ముడుచుకుని జాయింటును కప్పే గొట్టం) ముందే వైరులోకి ఎక్కించుకోండి. తర్వాత గుర్తొచ్చి లాభం లేదు. సోల్డరింగ్ ఐరన్‌ను 350 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచి, దాని మొనతో వైరును రెండు మూడు సెకన్లు వేడి చేసి, సోల్డర్‌ను వైరుకు తాకించండి. ఐరన్ మొన మీద కరిగించి పూస్తే అది వైరు పైన ముద్దలా నిలబడుతుంది, లోపలికి పాకదు. మంచి జాయింటులో సోల్డర్ పోగుల మధ్యకు పాకి, వాటి ఆకారం పైకి కనిపిస్తుంది. చల్లారేదాకా కదపకండి.

స్క్రూ టెర్మినల్‌కైతే పోగులకు సోల్డర్ పూయకూడదు. నీటుగా కనిపిస్తుందని చాలామంది పూస్తారు. బిగింపు కింద సోల్డర్ కొన్నాళ్లకు మెల్లగా అణిగిపోయి స్క్రూ వదులవుతుంది. పోగుల్ని మెలితిప్పి నేరుగా బిగించండి, లేదా ఫెరూల్ (పోగుల చివర నొక్కి బిగించే చిన్న లోహపు గొట్టం) తొడగండి. బిగించాక వైరును ఒకసారి లాగి చూడాలి.

బ్రెడ్‌బోర్డ్ (సోల్డర్ లేకుండా పార్టుల్ని గుచ్చి కలిపే రంధ్రాల బోర్డు) వాడేవారు గుర్తుంచుకోవాల్సింది ఒకటి: కొన్నింటిలో అంచు పట్టాలు (బోర్డు పొడవునా కరెంటు పంచే వరసలు) మధ్యలో తెగి ఉంటాయి. సగం బోర్డుకు కరెంటు రాకపోతే అక్కడ చిన్న వైరు ముక్కతో కలపండి.

పరీక్షకు మల్టీమీటర్ (వోల్టులు, ఆంపియర్లు, ఓమ్‌లు కొలిచే మీటరు) కావాలి. ఆంపియర్ల మోడ్‌లో ప్రోబులు (మీటరు వైర్ల మొనలు) బ్యాటరీ రెండు చివరలకు తగిలిస్తే అది షార్టే, మీటరు ఫ్యూజు పోతుంది. కరెంటు కొలవాలంటే సర్క్యూట్‌ను ఒకచోట తెంచి మీటరును మధ్యలో పెట్టాలి. కంటిన్యుటీ బీప్‌ను (ప్రోబుల మధ్య దారి తెగకుండా ఉంటే మీటరు చేసే శబ్దం), అదీ బ్యాటరీ తీసేశాకే, తెగిన వైరు వెతకడానికి మాత్రం వాడండి. పదుల ఓమ్‌లున్నా చాలా మీటర్లు బీప్ కొడతాయి, కాబట్టి చెడ్డ జాయింటు కూడా పాసైపోతుంది. నమ్మదగిన పద్ధతి వేరే: మోటారు నడుస్తుండగా జాయింటుకు అటూ ఇటూ ప్రోబులు పెట్టి డీసీ వోల్టులు చూడండి. మంచి జాయింటులో దాదాపు సున్నా వస్తుంది. అర వోల్టు కనిపిస్తే ఆ జాయింటు విప్పి మళ్లీ వేయాల్సిందే.